గీతలు లేని ఎడమ చెయ్యి

రోజు 1. పోటు ఉదయం 7.10

ఆరోగ్య కేంద్రం నుంచి సిస్టర్ భ్రమరాంబ ఈ నోటుబుక్కు పంపింది. ఇకనుంచి బొమ్మ చేసినన్ని రోజులూ ఏం చేశానో ఇందులో రాయాలట. "నువ్వు చెప్పేదే మెల్లగా చెప్తావు మార్తమ్మా, సగం వినపడదు. రాసిపెట్టు" అంది. పదో తరగతితో ఆగిన చదువు నాది. నాకు రాయడం కన్నా మట్టి పిసకడమే తేలిక. అయినా రాస్తాను.

ఇది నేను చేస్తున్న రెండు వందల పన్నెండో మట్టిబొమ్మ. మనిషి పేరు దీవెన. ఇరవై ఆరేళ్ళు. ఎనిమిదేళ్ళు సముద్రపు గోడ మీద ఊతం తొడుక్కుని రాళ్ళు పేర్చింది. కడుపుతో ఉందని తెలిశాక విప్పేశారు. విప్పి పదకొండు నెలలైంది, పాపకు నాలుగో నెల. భర్త యోనా ఇంకా గోడ మీదే ఉన్నాడు.

ఉదయం సైరన్ అయిపోయాక అత్త సంతోషమ్మతో కలిసి వచ్చింది. పాప సంతోషమ్మ చంకలో ఉంది. కూర్చున్న కాసేపటికే పాలకు ఏడ్చింది. దీవెన తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. సంతోషమ్మ పాపను తెచ్చి ఆమె రొమ్ముకు పట్టుకుని, పాలు తాగినంతసేపూ వంగి నిలబడింది. నాలుగు నెలలుగా ఇట్లాగే జరుగుతోందట.

"చేతుల్లోకి ఒక్కసారి కూడా ఇవ్వలేదా?" అని అడిగాను.

"ఇచ్చి? సైరన్ కూస్తే బండరాయనుకుని ఇసిరి కొట్టిద్ది. నువ్వొచ్చి ఏరుకుంటావా?" అంది సంతోషమ్మ.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఊతం చేపల వలంత పలచగా ఉంటుంది. భుజాల నుంచి వేళ్ళ కొసల దాకా అంటుకుని, సైరన్ వినగానే చేతుల్ని తనే ఆడిస్తుంది. లోపల మనిషి కునుకు తీసినా పని ఆగదు. విప్పేశాక కూడా ఒళ్ళు దాన్ని మరిచిపోదు. పోటు సైరన్ కూయగానే చేతుల్లో ఏముంటే అది పారేసి, వంగి, లేని రాయిని ఎత్తి, పక్కకు తిరిగి పేరుస్తాయి. పది నిమిషాలకు ఆగుతాయి. దాన్ని మా వీధిలో ఎత్తుడు అంటారు. గోడ దిగినవాళ్ళందరూ ఆ వేళకు ఇసుక మూటలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. మా ఇంటాయన జక్రయ్య కూడా అంతే.

పన్నెండో రోజున సిస్టర్ బొమ్మను చూస్తుంది. చేతుల మీద ఊతం లాగుడు ఇంకా మిగిలిందని చెప్పే గీతలుంటే పాపను సంతోషమ్మ ఏడాది పాటు పైఊరికి తీసుకుపోతుంది. గీతలు లేకపోతే పాప తల్లి దగ్గరే ఉంటుంది.

రోజు 2. పోటు ఉదయం 8.00

ప్రార్థన చేసుకుని పనిలో దిగాను. కట్ట లోపలి వైపు మట్టిలో వరిపొట్టు కలిపి జక్రయ్య కాళ్ళతో తొక్కి ఇచ్చాడు. పొద్దున్నంతా దీవెన వీపు మీద, భుజాల మీద చేతులు పెట్టి కూర్చున్నాను. చూసేవాళ్ళకు నేను ఏ పనీ చేయనట్టే ఉంటుంది.

ఒంట్లో ఊతం లాగుడు ఎక్కడ మిగిలిందో కనిపెట్టడానికి యంత్రం పనికిరాదు. తీగ తగిలించగానే ఒళ్ళు దాన్ని ఊతం అనుకుని బుద్ధిగా ఉండిపోతుంది. అందుకే మనిషి చెయ్యి కావాలి. నా చేతికి ఎవరూ నేర్పలేదు. జక్రయ్య గోడ దిగొచ్చిన ఏడాది, తనకేమవుతోందో చెప్పలేక కోపంతో గిన్నెలు విసిరేవాడు. ఒకరోజు ఆయన వీపు తడుముతుంటే ఒకే కండ రెండు వైపులకు లాగుతున్నట్టు తోచింది. నాకూ దాన్ని చెప్పడం రాలేదు. పెరట్లో మట్టి తీసుకుని చేసి చూపించాను. చాలాసేపు చూసి, "ఇదేనే. ఇదే" అన్నాడు. ఆయన ఏడవగా చూడడం అదొక్కసారే.

మనిషి సొంతమైన కండను అరచేత్తో నున్నగా రాస్తాను. ఊతం లాగుడు మిగిలిన చోట ఆలిచిప్ప అంచుతో గీతలు పెడతాను. బొమ్మ మూరెడు పొడవుంటుంది. ముఖం పెట్టను. ముఖం పెట్టే పని నాది కాదని నా నమ్మకం. మొదట్లో పాస్టరుగారికి ఈ బొమ్మలంటేనే ఇష్టం ఉండేది కాదు. తర్వాత ఆయన తమ్ముడి బొమ్మ కూడా నేనే చేశాను.

"ముఖం లేనోళ్ళే నయం, ఎదురు మాట్టాడరు" అంటాడు జక్రయ్య.

రోజు 3. పోటు ఉదయం 8.50

మంచినీళ్ళ బండి రాలేదు. ఉప్పునీళ్ళతోనే మట్టి తడిపాను. వేళ్ళ కణుపులు వాచాయి. బొమ్మ నడుము వరకు అయింది.

రోజు 4. పోటు ఉదయం 9.40

కుడి చెయ్యి పూర్తయింది. చాలా నున్నగా వచ్చింది. దీవెన దాన్ని చూసి, "ఇది నిజంగా నాదేనా పిన్నీ?" అంది. అవునన్నాను. ఆ చేత్తో తన చెంప తడుముకుంది.

ఆమెను పంపించి వాకిలి ఊడుస్తుంటే అబెద్నెగో మామయ్య కుంటుకుంటూ పోతూ ఆగి, "బాగుండావా అమ్మాయ్? నీ చలవ వల్ల ఇంట్లో తిరుగుతుండా" అన్నాడు. ఆయన అట్లా అన్న ప్రతిసారీ నాకు లోపలికి పోయి తలుపేసుకోవాలనిపిస్తుంది.

బొమ్మ పని అంతా అయ్యాక సిస్టర్ ఈ నోటుబుక్కు చదువుతుంది కాబట్టి ఇది ఇక్కడే రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది. మామయ్య బొమ్మకు రెండు భుజాల వెనకా గీతలు పెట్టాల్సింది. పెట్టలేదు. పెడితే కొడుకు ఇంట్లో వంటగదిలోకి రానివ్వరని, వంట చేసుకోకపోతే బతకలేనని ఏడ్చాడు. నాకు జాలేసింది. గీతలు పెట్టాల్సిన చోటును తడిచేత్తో నున్నగా రాసేశాను. బొమ్మను నమ్ముకుని ఆయన సైరన్ వేళ ఇసుక మూట దగ్గరికి పోకుండా పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మరిగే గంజి పాదాల మీద పడింది. ఆయన ఈ రోజుకీ తప్పు తనదే అనుకుంటున్నాడు.

జాలితో బొమ్మలో అబద్ధం పెట్టకూడదని అప్పుడే దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాను.

రోజు 6. పోటు ఉదయం 11.20

దీవెన ఎడమ భుజం కింద, రెక్క ఎముక అంచున లాగుడు దొరికింది. నిన్న కూడా తగిలింది గానీ చలికి బిగిసిందేమో అనుకున్నాను. ఇవాళ అరగంట చెయ్యి తీయకుండా ఉంచాను. పైకెత్తి విసిరే లాగుడే. బలంగా ఉంది.

ఎడమ చేతి మీద గీతలు పెట్టాను. మొత్తం పదకొండు గీతలు. దీవెన లెక్కపెట్టింది.

"చెరిపెయ్యి పిన్నీ."

"చెయ్యకూడదమ్మా."

"సైరన్ వేళ నేనే పాపని అత్తకిచ్చేస్తా. ఒట్టు. మిగతా టైములో నా దగ్గరుంటది. పైఊరికి పోతే ఏడాదికి నన్ను గుర్తుపట్టదు. వాళ్ళమ్మంటే మా అత్తే అనుకుంటది."

చిప్ప కడిగి ఆరబెట్టాను. ఆమె లేచి పోయేటప్పుడు తలుపు గట్టిగా వేసింది. ఎడమ చేత్తోనే వేసింది. ఆమెది ఎడమచేతి వాటం.

ఒక సంగతి అర్థం కాలేదు. ఊతానికి కుడి ఎడమల తేడా తెలియదు, రెండు చేతుల్నీ ఒకే తీరున లాగుతుంది. రెండు వందల పదకొండు బొమ్మల్లో ఒక చేతికే గీతలు పెట్టడం ఎప్పుడూ జరగలేదు. అలసిపోయి కుడి చేతిలో ఏదైనా వదిలేశానా? రేపు మళ్ళీ చూడాలి.

రోజు 7. పోటు మధ్యాహ్నం 12.10

ఇవాళ సైరన్ మోగలేదు. స్తంభం మీద కొంగ గూడు పెట్టి తీగ తెంపిందట. గోడ మీదవాళ్ళను కేకలేసి పనిలోకి దింపారు.

మా వీధిలో అందరూ అలవాటుగా మూటల ముందు కూర్చున్నారు. పన్నెండు దాటింది. పావుగంట గడిచింది. ఎవరి చేతులూ కదలలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "భోజనానికి పిలిచి తలుపేసినట్టుంది" అని జక్రయ్య అంటే వీధంతా నవ్వింది. ఆ నవ్వు మా లోపలి గదికి వినబడింది.

ఆ గదిలో దీవెన నా ఎదురుగా పీట మీద ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో కదలకుండా పెట్టుకుని ఉంది. మరీ పన్నెండుంపావుకు కాదు, సరిగ్గా పోటు వేళకే, పన్నెండూ పదికి, ఎడమ చెయ్యి లేచింది. వంగింది, ఎత్తింది, తిరిగింది, విసిరింది. నా నీళ్ళ చెంబు గోడకు తగిలి సొట్టపోయింది.

ఆమె నా ముఖం చూసింది. నేను చెంబు చూశాను.

ఊతం మిగిల్చిపోయిన ఎత్తుడైతే సైరన్ లేకుండా రాదు. ఒక్క చేతికే రాదు. ఆ లాగుడు ఊతానిది కాదు. ఆమెదే.

రోజు 8. పోటు మధ్యాహ్నం 1.00

పని చేయలేదు. మోకరించి చాలాసేపు ఉన్నాను. మోకాళ్ళు పట్టేస్తే జక్రయ్య చెయ్యి పట్టి లేపాడు.

అబద్ధం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పాలంటే ఆ పదకొండు గీతలు చెరపాలి, ఎందుకంటే ఆ కండ ఆమె సొంతం. చెరిపితే పాపను ఆ చేతికే ఇస్తారు. ఆ చెయ్యి విసురుతుంది. గీతలు అట్లాగే ఉంచితే అది అబద్ధం, కానీ పాప క్షేమంగా పైఊరికి పోతుంది. ఇట్లాంటి చోట నేనెప్పుడూ నిలబడలేదు.

జక్రయ్యకు చెప్పాను. "ఆ పిల్లని అడిగావా?" అన్నాడు.

అడగలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగలేదు. చేత్తో తడిమి చూడడమే తప్ప, ఏంటమ్మా నీ లోపల అని నోటితో అడిగిన పాపాన పోలేదు.

రోజు 9. పోటు మధ్యాహ్నం 1.50

దీవెన ఒక్కతే వచ్చింది. ఆమె వెనక కూర్చోకుండా ఇవాళ ఎదురుగా కూర్చున్నాను. మట్టి మీద తడిగుడ్డ తీయలేదు.

"మొన్న లేచింది ఊతం కాదు గదా" అన్నాను.

కాసేపు గోళ్ళలో మురికి తీసుకుంది. "నీకు తెలిసిపోయిద్దని తెలుసు పిన్నీ. అందుకే నిన్న రావాలంటే భయమేసింది."

"చెప్పు."

"ఊతం వేసుకున్నాక అందరూ లోపల నిద్రపోయేవాళ్ళు. జక్రయ్య బాబాయి కూడా పడుకునే ఉంటాడు. నేను పడుకోలా. ఎనిమిదేళ్ళు మెలకువగానే ఎత్తా. ఊతం లాగేలోపే నా చెయ్యి రాయి మీదుండేది. మేస్త్రీ ఒకసారి నా ఊతం పాడైందనుకుని విప్పి చూశాడు. బాగానే ఉంది. నేనే దానికంటే ముందుండా." చెప్తుంటే ఆమె ముఖంలో కళ వచ్చింది. తనకే అది తెలిసినట్టుంది, తల దించుకుంది. "రాయిని చూస్తేనే బరువెంతో తెలిసేది. యాడ పట్టుకోవాలో తెలిసేది. పాపకి బరువే లేదు. యాడ పట్టుకోవాలో తెలవదు. అది ఏడిస్తే నాకు గోడ గుర్తొచ్చిద్ది. పోటు ఎప్పుడో నాకు సైరన్ చెప్పక్కర్లేదు, కడుపులో తెలిసిద్ది. వెళ్ళాలనిపిచ్చిద్ది. ఆ టైముకి నా చెయ్యి ఎత్తుడొచ్చి ఎత్తదు పిన్నీ. నేనే ఎత్తుతా. ఆపుకోవాలనిపించదు."

"పాప వద్దనా?"

"కావాలి. రెండూ కావాలి. కాదు... ఒక్కోసారి గోడే కావాలి." పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను తల్లిని కాదా?"

నాకు మంచి మాటలు రావు. నీళ్ళు తాగమని చెంబు ఇచ్చాను. సొట్టపోయిన చెంబే. దాన్ని చూసి ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత, "అది నాదే అయితే గీతలు తీసెయ్యొచ్చు గదా. నువ్వు అబద్ధం చెప్పినట్టు కాదు" అంది. ఆశగానే అంది గానీ నా కళ్ళలోకి చూడలేదు.

రోజు 10

వాన. మట్టి ఆరలేదు. తలనొప్పి.

రోజు 11. పోటు మధ్యాహ్నం 3.30

ఎడమ చెయ్యి భుజం దగ్గర విరిచేసి మళ్ళీ చేశాను. ఇన్నేళ్ళూ నా బొమ్మలన్నిటికీ చేతులు కిందికి వాలే ఉన్నాయి. నేర్పేవాళ్ళు లేకపోవడంతో మొదట ఎట్లా చేశానో అట్లాగే చేస్తూ వచ్చాను. ఈ చెయ్యిని పైకెత్తాను. తల కన్నా పైకి, మోచెయ్యి వంచి, వేళ్ళు తెరిచి. లోపల వెదురుపుల్ల నిలబడక మూడుసార్లు కూలింది. నాలుగోసారి జక్రయ్య పట్టుకుంటే నిలిచింది. గీత ఒక్కటి కూడా పెట్టలేదు. అరచేత్తో, తర్వాత బొటనవేలి మెత్త భాగంతో, సాయంత్రం దాకా నున్నగా రాశాను. కుడి చెయ్యి కన్నా నున్నగా వచ్చింది.

దీవెన వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "సిస్టర్ గీతలు లేవని పాపని నాకే ఇచ్చిద్ది" అంది.

"ఇస్తుంది. ఆ చెయ్యి ఎందుకు లేచిందని అడిగితే నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

"మా అత్త ముందా?"

"మీ అత్త ముందే."

"చెప్పకపోతే?"

చెప్పకపోతే పాపను ఆమె చేతికిస్తారు, నేను ఊరుకుంటానో ఊరుకోనో నాకు తెలియదు. అదే చెప్పాను. ఆమె వెళ్ళిపోయింది. ఈసారి తలుపు చప్పుడు వినబడలేదు.

రోజు 12. పోటు సాయంత్రం 4.20

పొద్దున పదికల్లా కేంద్రానికి చేరాం. బొమ్మను చీరలో చుట్టి జక్రయ్య మోశాడు. ఆయన్ను బయట కూర్చోబెట్టారు.

సిస్టర్ భ్రమరాంబ టార్చి వేసి, కళ్ళజోడు పైకెత్తి, ముందు నుంచి వెనక నుంచి చూసింది. ఎత్తిన చేతి దగ్గర ఆగింది. "ఇదేంటి మార్తమ్మా, నాట్యం చేయిస్తున్నావు?" అని వేలితో రాసి చూసింది. "గీతల్లేవు. రెండు చేతులూ సొంతమే. అంతేగా?"

"అంతేనమ్మా. సొంతమే."

"నాకర్థం కాక అడుగుతున్నా. సొంతమైతే పైకెందుకు లేచింది?"

నేను దీవెన వైపు చూశాను. ఆమె చేతులు తొడల కింద పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన సంతోషమ్మ, ఆమె ఒళ్ళో పాప నిద్రపోతోంది. దీవెన నోరు తెరిచి మూసుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన కూడా రాలేదు. ఆమె మాట్లాడకపోతే నేను మాట్లాడాలి. గొంతు సవరించుకున్నాను.

"ఇసిరిద్ది సిస్టరమ్మా" అంది దీవెన.

"ఏంటి?"

"ఆ చెయ్యి. పోటు వేళకి ఇసిరిద్ది. ఊతం కాదు, నేనే. నాకు గోడ మీదకి పోవాలనుంటది. పాపని చూస్తా ఉన్నా పోవాలనుంటది." అత్త వైపు తిరగకుండానే, "చెప్పా అత్తా. ఇంక తీసుకుపోతే తీసుకుపో" అంది.

సిస్టర్ కలం మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "నా కాగితంలో రెండే గళ్ళు. ఊతం, సొంతం. మూడోది లేదు. సొంతమని రాస్తే పాప నీ దగ్గర ఉండాలి. నువ్వేమో ఇట్లా అంటున్నావు. నన్నేం రాయమంటావు?"

అప్పుడు సంతోషమ్మ కోపంగా, గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"యోనాని కన్నాక నేను రొయ్యల షెడ్డుకి పోయేదాన్ని. సెలవుందిలే, ఇంట్లో ఉండొచ్చు. అయినా పోయేదాన్ని. వాణ్ణి మా అమ్మకాడ పడేసి పోతే తలకాయ తేలికయ్యేది. ఒకసారి మూడు దినాలు తిరిగి రాలా. షెడ్డులో పనుందని చెప్పా. పనేం లేదు. అక్కడే పడుకున్నా." పాప మూతి తుడిచింది. "ఎవురికి చెప్పా? ఎవురడిగారని? ఈ మహాతల్లికి పెద్ద నోరు, సిస్టరమ్మ ముందు చెప్పేసింది."

"అత్తా..."

"నువ్వు నోర్ముయ్యి కాసేపు. సిస్టరమ్మా, సొంతమనే రాయి. పోటు టైములో బిడ్డ నా దగ్గరుంటది. నేను పైఊరికి పోను. ఈ ఉప్పుగాలి నాకు పడదు, దగ్గొచ్చిద్ది, అయినా ఉంటా. కాగితంలో గడి లేదంటావేంది, కింద జాగా ఉంది గదా, అక్కడ రాయి."

సిస్టర్ కింద ఖాళీలో రాసింది. సంతోషమ్మ వేలిముద్ర వేసింది. దీవెన సంతకం చేసింది, ఎడమ చేత్తో. నేనూ చేశాను.

పోటుకు ఇంకా ఐదు గంటల పైనే ఉంది. సంతోషమ్మ గడియారం చూసి, లేచి, ఏమీ అనకుండా పాపను దీవెన ముందు పట్టుకుంది. దీవెన తొడల కింద నుంచి చేతులు తీసింది. చాలాసేపు కూర్చోవడం వల్ల తిమ్మిరెక్కి ఉంటాయి, వేళ్ళు ముడిచి విప్పింది. కుడి చెయ్యి నడుము కింద, ఎడమ చెయ్యి తల కింద పెట్టి తీసుకుంది. పాప ముఖం దగ్గరికి వంగి వాసన చూసింది. నాలుగు నెలల తల్లి, ఇదే మొదటిసారి.

నేను ముఖం చూడలేదు. భుజం చూశాను. అలవాటు. రెండు నిమిషాలైందో మూడైందో, రవిక కింద రెక్క ఎముక అంచున ఆ కండ లేచింది. నా చెయ్యి ముందుకు పోబోయింది. అంతలోనే దీవెన తలెత్తింది.

"అత్తా, చాలు. తీసుకో."

"అప్పుడేనా?"

"అప్పుడే."

సంతోషమ్మ రెండు చేతులూ చాపింది. దీవెన ముందు కాళ్ళు, తర్వాత నడుము, ఆఖరున తల, మెల్లగా ఆ చేతుల్లో పెట్టి, ఎడమ అరచెయ్యిని పాప తల కింద నుంచి తీసుకుంది. పాప మేలుకోలేదు.